బోరుకొచ్చిన ఇంజిన్

“పాత ట్రాక్టర్‌కి బోర్ చేయించమంటారా, ఏదైనా లారీ ఇంజిన్ తెచ్చి పెట్టేయమంటారా?” గోదావరి డెల్టాలో ట్రాక్టర్ ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు లేచే ప్రశ్న ఇది. కొత్త బండి కొనే స్తోమత లేనప్పుడు లేస్తుంది. స్తోమత ఉన్నా, నాన్న హయాంలో కొన్న మాసీనో మహీంద్రానో పాత ఇనుప సామాను కింద తూకానికి వేయడానికి మనసొప్పనప్పుడూ లేస్తుంది.

యానాం నుంచి గౌతమి గట్టు వెంట దిగువకు పోతే వచ్చే దరియాలతిప్ప లాంటి ఊళ్లలో ఈ ప్రశ్న ఇంకాస్త ముందే వస్తుంది. నది సముద్రంలో కలవబోయే చోటు అది. చాలాచోట్ల నేలలో నీళ్లు ఉప్పన, గాలిలో ఉప్పు, వరదొస్తే ఒండ్రు. దమ్ము రోజుల్లో ట్రాక్టర్ ఇనుప చక్రాలు తగిలించుకుని బురదలో ఈదుతుంది. మిగతా కాలమంతా ట్రక్కు లాగుతూ మట్టి, ఇసుక, కొబ్బరికాయలు మోస్తుంది. నంబరు ప్లేటు మీద యానాం వాళ్ల పీవై 04 ఉన్నా, పక్కనే ఉన్న తాళ్లరేవు మండలం బండి అయినా, చాకిరీ మాత్రం ఒకటే.

అలా ఇరవై ముప్ఫై ఏళ్లు తిరిగాక ఒక రోజు మెకానిక్ బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. గొట్టంలోంచి వేడి పొగ గుప్పుగుప్పున చేతికి తగులుతుంది. “బోరుకొచ్చింది” అని ఒక్క మాటలో తేల్చేస్తాడు. సిలిండర్లు అరిగాయన్న ఆ మాట నూటికి తొంభై పాళ్లు నిజమే. అయితే లోపల అరిగింది ఏమిటి, ఎంత, ఎందుకు అన్నది తెలియకుండా బాగు చేయించాలో మార్చేయాలో తేల్చడం కుదరదు.

గాలిని నొక్కితే పుట్టే నిప్పు

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. నిప్పు పుట్టించేది గాలే. పిస్టన్ పైకి లేస్తూ సిలిండర్ నిండా ఉన్న గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో కుదించేస్తుంది. అంత గట్టిగా, అంత వేగంగా నొక్కేసరికి గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతుంది. తుంపర తనంతట తానే అంటుకుంటుంది. జర్మన్ ఇంజినీరు రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంట్ పొంది, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన యంత్రంలో అసలు కిటుకు ఈ వేడే.

కాబట్టి నొక్కిన గాలి ఎటూ పారిపోకూడదు. దాన్ని పట్టి ఉంచేవి పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చున్న రింగులు. ఇవి పూర్తి వలయాలు కావు, ఒకచోట తెగి ఉంటాయి. ఆ తెగిన సందు వల్లే స్ప్రింగులా విచ్చుకుని సిలిండర్ గోడను అంటిపెట్టుకుంటాయి. గోడా రింగూ అరిగే కొద్దీ గాలి వాటి పక్కనుంచి కిందికి జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి పోయి, బ్రీదర్ గొట్టం గుండా బయటపడుతుంది. మెకానిక్ చేతికి తగిలిన పొగ అదే.

పొలంలో బాగానే లాగే ముసలి ఇంజిన్ పొద్దున్నే స్టార్ట్ కావడానికి ఎందుకంత మొండికేస్తుంది? లెక్క చూస్తే తెలుస్తుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో పిస్టన్ కింది నుంచి పైకి రావడానికి సెకనులో వెయ్యింట 15 వంతుల సమయం పడుతుంది. అంతలో తప్పించుకుపోగలిగే గాలి కొంచెమే. సెల్ఫ్ మోటారు తిప్పేటప్పుడు వేగం 200 చుట్లకు మించదు. అంటే గాలి పారిపోవడానికి పది రెట్లు వ్యవధి దొరుకుతుంది. పైగా ఇనుమంతా చల్లగా ఉండి ఉన్న వేడినీ లాగేసుకుంటుంది. డీజిల్ సగమే అంటుకుంటుంది, లేదా అసలు అంటుకోదు. అలా కాలకుండా బయటికొచ్చిన డీజిలే పొద్దుటిపూట తెల్ల పొగ. ఊరి చివర వాలులో ట్రాక్టర్‌ను నిలిపి, తెల్లారి దొర్లించి స్టార్ట్ చేసే అలవాటు వెనక ఉన్నది ఈ భౌతికశాస్త్రమే.

నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగ వస్తే మాత్రం బోరును అనుమానించే ముందు ఎయిర్ క్లీనర్, నాజిళ్లు, ఫ్యూయల్ పంపు చూసుకోవాలి. గాలి చాలకపోయినా డీజిల్ ఎక్కువైనా నల్ల పొగే వస్తుంది. నాజిల్ జబ్బుకు బోర్ చేయించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఏ జిల్లాలో అయినా ఉంటారు.

అరుగుదల పైన మొదలవుతుంది

హెడ్ విప్పి సిలిండర్ గోడగా పనిచేసే పాత లైనర్ గొట్టం లోపలి వైపు వేలు పైనుంచి కిందికి జరిపితే ఒకచోట గోరు టక్కున తగులుతుంది. చిన్న మెట్టు. దానికి పైన రింగు ఎన్నడూ తాకని గోడ, కొత్తప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. సరిగ్గా దాని కిందే లైనర్‌లో అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటు. అక్కణ్నుంచి కిందికి పోయే కొద్దీ అరుగుదల తగ్గుతూ వస్తుంది.

ఇలా ఎందుకంటే, పిస్టన్ పైకొచ్చి వెనక్కి మళ్లే చోట ఒక్క క్షణం నిలిచిపోతుంది. కదలిక లేనిచోట నూనె పొర నిలవదు. మంట వేడి ఎక్కువగా ఉండేదీ అక్కడే. మండిన వాయువు రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి అదిమేదీ అక్కడే. మూడు కష్టాలూ ఒకేచోట పడ్డాయి. ఇంకోటి, కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా నెడుతుంది కాబట్టి పిస్టన్ ఒక పక్క గోడకు ఎక్కువ ఒత్తుకుంటుంది. అందుకే పాత లైనర్ గుండ్రంగా ఉండదు, కొంచెం కోలగా మారుతుంది. ఒక్క చోట కొలిచి ‘ఇంత అరిగింది’ అనడం తప్పు. పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు అడ్డాలుగా కొలవాలి.

ఇదంతా సహజమైన ముసలితనం. దాన్ని పదింతలు వేగంగా తెచ్చిపెట్టేది దుమ్ము. రెండున్నర లీటర్ల ఇంజిన్ 2,000 చుట్ల మీద ఎనిమిది గంటలు పనిచేస్తే దాదాపు 10 లక్షల లీటర్ల గాలి పీల్చుకుంటుంది. ఎండాకాలం దుక్కిలో ఆ గాలి నిండా ఇసుక పొడి ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ పోత ఇనుముకంటే గట్టిది. పాత ట్రాక్టర్లలో ఎయిర్ క్లీనర్ అడుగున ఒక నూనె గిన్నె ఉంటుంది. గాలి ఆ నూనె మీదికి దిగి ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. బరువైన దుమ్ము అలా తిరగలేక నూనెలో పడిపోతుంది. ఆ గిన్నెలో నూనె బురదగా మారినా మార్చకపోవడం, ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చీలినా గుడ్డ చుట్టి సరిపెట్టడం: డెల్టాలో ఇంజిన్లను బోరుకు తెచ్చేవి ఎక్కువగా ఈ రెండే. బురదలో దమ్ము చేసేటప్పుడు గాలిలో దుమ్ము ఉండదు, ఆ పని ఊపిరికి మంచిదే. మట్టి తోలకమే ప్రాణం తీస్తుంది.

మరి రింగులొక్కటే మారిస్తే సరిపోదా? ఖర్చు తక్కువని చాలామంది అలాగే చేయిస్తారు. లైనర్ అడ్డుకొలత 0.2 మి.మీ. పెరిగిందనుకుందాం. వృత్తం చుట్టుకొలత అడ్డుకొలతకు మూడు రెట్లకు పైన కదా, కాబట్టి గోడ చుట్టుకొలత 0.63 మి.మీ. పెరిగినట్టు. కొత్త రింగు దానిలో కూర్చుంటే ఆ పెరిగినదంతా తెగిన సందు దగ్గరే తేలుతుంది. సుమారు 91 మి.మీ. బోరులో ఆ సందు మామూలుగా 0.3 మి.మీ. దాపున ఉండాలి. ఇప్పుడది 0.9 మి.మీ. దాటింది, మూడింతలు. దానికి తోడు లైనర్ పైన ఉన్న మెట్టును కొత్త రింగు పదునైన అంచు ఢీకొని విరిగే ప్రమాదం. అరిగిన లైనర్‌లో కొత్త రింగులు వేయడం ఒక పంటకాలం గడుపుకోవడానికి పనికొస్తుందేమో, మరమ్మతు మాత్రం కాదు.

చమురు మీద తేలే క్రాంక్

లైనర్లు కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు. ఇంజిన్ నిజంగా బతికేదీ చచ్చేదీ కింద, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ దగ్గర.

1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. అక్కడి మెకానికల్ ఇంజినీర్ల సంస్థ అప్పగించిన పని అది. ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి తిరుగుతోంది, పైన సగం బేరింగు కూర్చుని ఉంది. నూనె పోయడానికి ఆ బేరింగు నడినెత్తిన ఒక చిల్లు వేయించాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆ చిల్లులోంచి నూనె పైకి ఉబికి వచ్చింది. చిల్లుకు చెక్క బిరడా కొట్టాడు. బిరడా తన్నుకుని బయటికొచ్చింది. అప్పుడక్కడ ప్రెషర్ గేజ్ బిగించాడు. బేరింగు మీద సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌండ్లయితే, గేజ్ ముల్లు దాని చివరి అంకె అయిన 200 పౌండ్లు కూడా దాటిపోయింది.

పంపు లేదు, ఎవరూ నెట్టడం లేదు. మరి నూనెలోకి అంత ఒత్తిడి ఎక్కణ్నుంచి వచ్చింది? మూడేళ్ల తర్వాత, 1886లో, మాంచెస్టర్‌లోని ఆస్బోర్న్ రెనాల్డ్స్ దానికి గణితం రాశాడు. తిరిగే ఇరుసు తనకు అంటుకున్న నూనెను వెంట లాక్కుంటూ, బేరింగుకూ తనకూ మధ్య ఇరుకవుతూ పోయే సందులోకి కుక్కుతుంది. ఇరుకులో పడ్డ నూనె ఇరుసునే బేరింగు నుంచి విడదీసి ఎత్తి పట్టుకుంటుంది. దరియాలతిప్ప వాళ్లకు ఇది రోజూ కళ్లెదుట కనిపించేదే. ఇంజిన్ పడవ నెమ్మదిగా పోయేటప్పుడు నీళ్లలో కూర్చుని పోతుంది. వేగం అందుకునే సరికి ముక్కు పైకి లేస్తుంది. పడవ కింద ఏటవాలుగా చిక్కుకున్న నీరే దాన్ని లేపుతుంది. వేగం తగ్గితే మళ్లీ కూర్చుంటుంది. క్రాంకూ అంతే. తిరుగుతున్నంతసేపూ కొన్ని మైక్రాన్ల మందం ఉన్న నూనె పొర మీద తేలుతుంది, ఇనుమును ఇనుము తాకదు. తాకేదల్లా స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనూ, ఆపిన చివరి క్షణాల్లోనూ. అందుకే ఇంజిన్ అందుకోగానే గట్టిగా రేస్ చేయడం బేరింగులకు పెద్ద చెరుపు.

ఈ పొర నిలవాలంటే సందు కచ్చితంగా ఉండాలి. క్రాంక్‌లో బేరింగు పట్టుకునే భాగాన్ని జర్నల్ అంటారు. 65 మి.మీ. జర్నల్‌కు ఆ సందు సుమారు 0.06 నుంచి 0.09 మి.మీ. ఇరుకైన సందులోంచి నూనె కారిపోయే పరిమాణం ఆ సందు ఘనంతో పెరుగుతుంది. సందు రెట్టింపైతే కారుడు ఎనిమిది రెట్లు. బేరింగులు కాస్త వదులైన ఇంజిన్‌లో పొద్దున్న బాగానే ఉన్న ఆయిల్ ప్రెషర్ ముల్లు మధ్యాహ్నానికి పడుకోవడానికి కారణం ఇదే. వేడికి నూనె పల్చబడింది, సందు ముందే పెరిగి ఉంది, పంపు ఎంత పోసినా చాలడం లేదు. చిక్కటి ఆయిల్ పోసి ముల్లును లేపడం జ్వరం తగ్గలేదని థర్మామీటరును చల్లార్చినట్టే.

క్రాంక్ జర్నళ్లు అరిగినా, గీతలు పడినా రుబ్బి నునుపు చేయించుకోవచ్చు. అంగుళంలో వెయ్యో వంతును లేతు షాపుల్లో థౌ అంటారు. పది థౌ రుబ్బితే పది సైజు బేరింగులు, ఇరవై రుబ్బితే ఇరవై సైజు. బజార్లో ఆ మందాలు సిద్ధంగా దొరుకుతాయి. ఇంజిన్ గీసిన ఇంజినీర్లే ఈ ఏర్పాటు చేసి పెట్టారు.

రుబ్బేటప్పుడు ఒక్క చోట కన్నేసి ఉంచాలి. జర్నల్ పక్క గోడను కలిసే మూల గుండ్రటి వంపుగా ఉండాలి. తొందరలో ఆ మూలను పదునుగా కోసేస్తే బలమంతా అక్కడే చేరి, రోజుకు లక్షల సార్లు వంగి లేచే క్రాంక్ కొన్ని నెలల్లో అక్కడే పగులుతుంది. బయటికి నిగనిగలాడే క్రాంక్ హఠాత్తుగా విరిగితే ‘మాల్ బాగాలేదు’ అని కంపెనీని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు ఆ మూలలో ఉంటుంది.

లేతు షాపులో

విజయవాడలో 1966లో వెలిసిన జవహర్ ఆటోనగర్ తెలుగునాట ఇంజిన్ పనికి పెద్ద బడి. పిస్టన్ దుకాణం పక్కన క్రాంక్ గ్రైండింగు, దాని పక్కన ఫ్యూయల్ పంపులు, ఎదురుగా పాత గేర్ల గుట్టలు. కాకినాడ, రాజమండ్రి షాపుల్లో కాని పని ఏదైనా ఉంటే యానాం వైపు ఇంజిన్లూ అక్కడికి చేరతాయి.

పని వరస ఇలా సాగుతుంది. విప్పిన బ్లాక్‌ను మరిగే సోడా నీళ్లలో కడుగుతారు. నీటి దారుల్లో పేరుకున్న గార అప్పుడు బయటపడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరుబావి నీళ్లు రేడియేటర్లో పోసిన బండి అయితే ఆ గార మందంగా ఉంటుంది. గార వేడిని కదలనివ్వదు. గేజ్ ముల్లు సరిగ్గానే చూపిస్తున్నా లైనర్ ఒక పక్క మాడిపోతూ ఉంటుంది. ఉప్పు నీరు దానికి తోడు ఇనుమును తినేస్తుంది. రేడియేటర్‌కు వాన నీళ్లో డిస్టిల్డ్ వాటరో, దానితో కూలెంటో వాడాలని చెప్పేది అందుకే.

పాత ట్రాక్టర్ ఇంజిన్లలో చాలావాటికి లైనర్ వేరు, బ్లాక్ వేరు. పాత లైనర్‌ను ప్రెస్‌తో లాగి పారేసి కొత్తది కూర్చోబెడతారు. లైనర్ నీటిని నేరుగా తాకే రకమైతే కింద రబ్బరు రింగులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి, లేకుంటే నీళ్లు సంపులోకి దిగి ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. బ్లాక్‌లోనే సిలిండర్ కోసిన రకమైతే బోరును పెద్దది చేసి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు.

తర్వాత హోనింగ్. తిరిగే రాళ్లను బోరులో పైకీ కిందికీ ఆడిస్తే గోడ నిండా ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పడతాయి. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మీద నూనె నిలవదు. ఆ సన్నటి గీతలే నూనెను దాచుకునే గాడులు. పాత లైనర్‌లో గీతలు కనిపించకుండా గోడ నున్నగా మెరుస్తుంటే కొలవకుండానే సగం సంగతి అర్థమవుతుంది.

ఇక హెడ్. స్కేలు నిలువుగా పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి వంపు చూస్తారు. వాల్వులు, సీట్లు రుబ్బి, గైడ్లు అరిగితే మారుస్తారు. కనెక్టింగ్ రాడ్లు నిటారుగా ఉన్నాయో లేదో సరిచూస్తారు. ఈ చివరి పని చాలాచోట్ల ఎగరగొడతారు. వంగిన రాడ్ వెయ్యి రూపాయల బాధ కాదు, కొత్త లైనర్‌ను ఏటవాలుగా అరగదీసే బాధ.

వేరే ఇంజిన్ పెడితే?

లారీకైనా జీపుకైనా కింద ఒక చట్రం ఉంటుంది, ఇంజిన్ దాని మీద కూర్చుంటుంది. ట్రాక్టర్‌కు చాలావరకు చట్రమే లేదు. 1917లో హెన్రీ ఫోర్డ్ బజారులోకి తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ ఈ పద్ధతిని లోకమంతా వ్యాపింపజేసింది. ముందు ఇరుసు ఇంజిన్‌కు బిగింపు, ఇంజిన్ వెనక క్లచ్ హౌసింగు, దాని వెనక గేర్ బాక్సు, ఆపైన వెనక ఇరుసు. ఈ పోత ఇనుప పెట్టెలే ఒకదానికొకటి బిగిసి బండి అయ్యాయి. చాలా ట్రాక్టర్లలో ఇంజిన్ కింది సంపు కూడా బరువు మోసే పోత ఇనుమే. లారీ ఇంజిన్ సంపు పల్చటి రేకు. దాన్ని ట్రాక్టర్‌లో పెడితే ముందు ఇరుసును ఎక్కడ తగిలించాలి?

అసాధ్యమేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు అది పెద్ద వ్యాపారం. 1945లో వచ్చిన ఫోర్డ్‌సన్ మేజర్ ఈ27ఎన్ కిరసనాయిలు తరహా ఇంధనంతో నడిచేది, 27 గుర్రాల బలం. ఫ్రాంక్ పెర్కిన్స్ 1932లో పీటర్‌బరోలో పెట్టిన కంపెనీ తన ఆరు సిలిండర్ల పీ6 డీజిల్ ఇంజిన్‌ను దానికి అమర్చింది. బలం 45 గుర్రాలకు చేరింది. తర్వాత ఫోర్డ్ ఫ్యాక్టరీయే ఆ ఇంజిన్ బిగించి అమ్మింది. చిన్న ఫెర్గూసన్ ట్రాక్టర్లకు పెర్కిన్స్ మూడు సిలిండర్ల పీ3 కిట్లు వచ్చాయి. 1959లో మాసీ ఫెర్గూసన్ పెర్కిన్స్‌నే కొనేసింది. మద్రాసులో 1840 నాటి సింప్సన్ కంపెనీ 1950ల్లో పెర్కిన్స్ ఇంజిన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. సింప్సన్ ఉన్న అమాల్గమేషన్స్ గ్రూపే 1960లో ట్రాక్టర్ల కంపెనీ టాఫేను స్థాపించింది. గోదావరి జిల్లాల్లో ‘మాసీ’ అని పిలిచే ట్రాక్టర్ ఆ వంశంలోదే.

ఆ మార్పిడులు ఎందుకు నిలిచాయంటే, ఇంజిన్‌తో పాటు దాన్ని బిగించే పలకలు, బ్రాకెట్లు, క్లచ్ అమరిక అన్నీ ఇంజినీర్లు గీసి కిట్‌గా ఇచ్చారు. ఊళ్లో వెల్డింగు షాపులో చేసే మార్పిడికి ఆ భరోసా లేదు. బిగింపు ఎలాగో కుదిరినా మరో మూడు చిక్కులుంటాయి.

మొదటిది గవర్నర్. ట్రాక్టర్ ఇంజిన్‌కు ఉండే గవర్నర్ డ్రైవరు పెట్టిన వేగాన్ని అదే పట్టుకుని ఉంటుంది. నాగలి గట్టి మట్టిలో దిగితే తనే డీజిల్ పెంచుతుంది, తేలితే తగ్గిస్తుంది. చాలా లారీ ఇంజిన్ల గవర్నర్ అతి తక్కువ వేగాన్నీ అతి ఎక్కువ వేగాన్నీ మాత్రమే కాస్తుంది, మధ్యలో పనంతా డ్రైవరు కాలిదే. ఆ పంపుతో రోటావేటరు తిప్పితే వేగం నిలకడగా ఉండదు. రెండోది చుట్ల లెక్క. పనిముట్లను తిప్పే వెనక పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరగాలన్నది ప్రామాణికం, దానికి తగ్గట్టే గేర్లు కోశారు. 2,800 చుట్ల మీద పూర్తి బలమిచ్చే ఇంజిన్‌ను 2,000 చుట్లకు కోసిన గేర్లకు తగిలిస్తే, నెమ్మదిగా నడిపితే బలం రాదు, వేగంగా నడిపితే వెనక పనిముట్టు విరుగుతుంది. మూడోది చల్లదనం. లారీ రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లారుస్తుంది. దమ్ములో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిచే ట్రాక్టర్‌కు ఆ గాలి ఎక్కడిది?

కాబట్టి తీర్పు సూటిగానే చెప్పొచ్చు. బ్లాక్ పగలనంత వరకు, క్రాంక్ రుబ్బడానికి వీలున్నంత వరకు పాత ఇంజిన్‌నే తిరిగి కట్టుకోవాలి. రెండూ పోతే అదే కంపెనీ, అదే మోడల్ ఇంజిన్ వెతకాలి. ఇంజిన్ నంబరు ఆర్‌సీ పుస్తకంలో రాసి ఉంటుంది కనుక మార్చిన సంగతి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా అధికారులకు తెలియజేయాలి. దరియాలతిప్ప బండి అయితే యానాం ఆఫీసులో.

వరద నీళ్లు మింగితే

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి యానాంలోకీ వచ్చింది. 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు. అలాంటి రోజుల్లో ట్రాక్టర్ మునిగితే, నీళ్లు తీయగానే స్టార్ట్ చేసి చూద్దామన్న ఆత్రం అన్నిటికంటే ప్రమాదం.

రెండున్నర లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 830 ఘన సెంటీమీటర్లు. పిస్టన్ పైకి చేరాక మిగిలే చోటు 50 ఘన సెంటీమీటర్లే, అర టీ గ్లాసు. అంతకుమించి నీళ్లు సిలిండర్లో ఉంటే పిస్టన్ పైకి రాలేదు. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకోదు. నీటిని నూటికి ఒక్క పాలు కుదించాలన్నా మనం పీల్చే గాలి ఒత్తిడికి 200 రెట్లకు పైగా కావాలి. ఫ్లైవీల్ వేగంతో పైకొచ్చిన పిస్టన్ అక్కడ ఆగితే వంగేది కనెక్టింగ్ రాడ్.

మునిగిన ఇంజిన్‌కు ముందు బ్యాటరీ తీగ తప్పించాలి. నాజిళ్లు విప్పి, చేత్తో మెల్లగా తిప్పితే నీళ్లు ఆ చిల్లుల్లోంచి చిమ్ముతాయి. సంపు, గేర్ బాక్సు, హైడ్రాలిక్ నూనెలన్నీ వంపేయాలి. డీజిల్ ట్యాంకు, ఫిల్టర్లు కడగాలి. సిలిండర్లలో శుభ్రమైన నూనె పోసి తిప్పి ఉంచాలి. ఉప్పు నీరు కలిసిన వరదైతే ఇదంతా ఆ రోజే జరగాలి, వారం ఆగితే రింగులు గోడకు తుప్పుతో అతుక్కుంటాయి.

మొదటి గంటలు

తిరిగి కట్టిన ఇంజిన్‌ను గంటల తరబడి ఖాళీగా నడిపించడం చాలాచోట్ల ఆచారం. సైన్సు దీన్ని మెచ్చదు. రింగును గోడకు అదిమేది ప్రధానంగా మండిన వాయువు ఒత్తిడే. పని లేకుండా తిరిగే ఇంజిన్‌లో ఆ ఒత్తిడి చాలదు. రింగులు కుదురుకోకముందే హోనింగ్ గీతల్లో నూనె మాడి పొరగా పట్టేస్తుంది, ఆ తర్వాత ఎంత నడిపినా నీలి పొగ పోదు. నీళ్లు, నూనె వేడెక్కే వరకు కొద్దిసేపు ఖాళీగా నడిపి, తర్వాత సగం బరువుతో ట్రక్కు లాగించడమో, లోతు తక్కువ దున్నించడమో మేలు. పూర్తి బలం మాత్రం మొదటి రోజుల్లో అడగకూడదు. మాన్యువల్ చెప్పిన గంటలకు ముందే మొదటి ఆయిల్, ఫిల్టరు మార్చేయాలి. కొత్త లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకూ మెకానిక్‌లకూ అక్కడ ట్రాక్టర్ వాడకం, మరమ్మతు నేర్పుతారు. ఊళ్లో నలుగురు ట్రాక్టర్ రైతులుంటే ఒక్కరైనా వెళ్లి రావడం మంచిది. వెళ్లలేనివాళ్లు కనీసం ఒక పని చేయవచ్చు. లేతు షాపు నుంచి ఇంజిన్ తెచ్చుకునేటప్పుడు బిల్లుతో పాటు కొలతల కాగితం అడిగి తీసుకోండి. ఒక్కో బోరు పైనా కిందా ఎంత, రింగు సందు ఎంత, ఒక్కో జర్నల్ ఎంత, ఏ సైజు బేరింగు వేశారు అన్నవి అందులో ఉండాలి. రాసివ్వలేని షాపుకు ఇంజిన్ ఇవ్వకండి.